నేనేసిన సీలే మళ్లీ కారింది: ఓ 1998 జిప్సీ లీకుల కేస్ స్టడీ

"ఏటి మేస్త్రీ, నువ్వేసిన సీలే మళ్లీ ఏడుస్తోంది" అంటూ పెద్దాయన బండిని షెడ్డు ముందు ఆపాడు. గేరులో ఉంచి, దిగి వచ్చి, చక్రానికి రాయి కూడా పెట్టాడు. చేతిబ్రేకు మీద నమ్మకం పోయిందన్నమాట. ఎడమ వెనక రిమ్ము లోపలి వైపు నల్లగా జిడ్డు, ఆ జిడ్డుకి అంటుకున్న ఎర్రమట్టి. ఆ సీలు, అంటే తిరిగే షాఫ్టు చుట్టూ ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, నేను మార్చి అప్పటికి మూడు వారాలే.

బండి 1998 నాటి మారుతీ జిప్సీ కింగ్. 1298 సీసీ పెట్రోల్, కార్బురేటర్ ఇంజిన్. చింతపల్లి పైన పెద్దాయనకి కాఫీ తోట, చెట్లకి పాకిన మిరియం ఉన్నాయి. వారానికి రెండుసార్లు లంబసింగి ఘాటీ దిగి నర్సీపట్నం వస్తాడు, సరుకు వేసుకుని మళ్లీ ఎక్కుతాడు. పైన ఎత్తు సుమారు 1000 మీటర్లు. రోడ్డు వదిలి తోట దారి పట్టాక రెండు గెడ్డలు (వాగులు) దాటాలి. వానలు మొదలైతే నీళ్లు చక్రం మధ్యదాకా వస్తాయి. ఈ గెడ్డల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

జిప్సీ కింద పడుకోని వాళ్ల కోసం కాస్త చెప్పాలి. 1985 చివర్లో 970 సీసీతో మొదలై, 1996లో 1.3 లీటర్ల కింగ్‌గా మారిన బండి ఇది. ముందూ వెనకా గట్టి ఆక్సిళ్లు (ఇరుసులు), నాలుగు మూలలా కమాను కట్టలు. గేర్‌బాక్స్ వేరే, ట్రాన్స్‌ఫర్ బాక్స్ వేరే, రెంటినీ కలుపుతూ ఒక పొట్టి షాఫ్టు. ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఆక్సిళ్లకి పంచేది ఆ ట్రాన్స్‌ఫర్ బాక్సే. అంటే ఆయిలు నిలిచే పెట్టెలు ఆరు: ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్, ముందు ఆక్సిల్, వెనక ఆక్సిల్, స్టీరింగ్ బాక్స్. వీటికి బ్రేక్ ఆయిలు, రేడియేటర్ నీళ్లు అదనం. గేర్‌బాక్స్‌లో పట్టేది 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్‌లో 0.8, ముందు ఆక్సిల్లో 2.0, వెనక దాంట్లో 1.5. ఇంత కొంచెం పట్టే చోట పావు లీటరు పోయిందంటే చిన్న లెక్క కాదు.

పెద్దాయన చెప్పిన రోగాలు ఇవి. బ్రేకు కొడితే బండి కుడికి లాగుతోంది. ఇంజిన్లో వారానికి పావు లీటరు ఆయిలు పోస్తున్నాడు. ముందు ఎడమ చక్రం లోపల గుండ్రటి భాగం నుంచి గ్రీజులాంటిది పలచగా కారుతోంది. బండి నడుమ కింద ఎప్పుడూ తడే. ఈ మధ్యలో ఇంకో షెడ్డులో చూపిస్తే "క్రాంక్ వెనక సీలు పోయింది, గేర్‌బాక్స్ దింపాల్సిందే, పెద్ద పని" అన్నారట. క్రాంక్ అంటే పిస్టన్లు తిప్పే ఇంజిన్ ప్రధాన షాఫ్టు. ఆ మాటకి భయపడి మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. లేకపోతే నన్ను తిట్టి వదిలేసేవాడేమో.

మూడు వారాల క్రితం నేనేం చేశానో దాచకుండా చెబుతాను. బ్రేకు డ్రమ్ము విప్పాను, లోపల గేర్ ఆయిలు కనిపించింది, షాఫ్టు లాగి సీలు మార్చాను, బ్రేకు లైనింగులు (డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) పెట్రోలుతో కడిగి మళ్లీ అవే వేశాను, పంపించేశాను. గంటన్నర పని. అందులో తప్పులు రెండున్నాయి. ఒకటి లైనింగులు. ఆయిలు తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగినా, మంట మీద కాల్చినా బాగుపడదు. వేడెక్కినప్పుడల్లా లోపలి ఆయిలు పైకి ఊరుతూనే ఉంటుంది. ఈ ముక్క నాకు తెలిసినా, ఆ రోజు కొత్త లైనింగులు ఊళ్లో దొరక్క సర్దేశాను. రెండో తప్పు అంతకంటే పెద్దది. సీలు ఎందుకు పోయిందని నన్ను నేను అడగలేదు.

బోల్టు విప్పితే బుస్సుమంది

బండి అప్పుడే ఘాటీ దిగి వచ్చింది. వెనక హౌసింగు ముట్టుకుంటే చెయ్యి నిలవనంత వేడి. ఆయిలు మట్టం చూడాలంటే చల్లారాక, చదును నేల మీద చూడాలి. కానీ అసలు ఆయిలు మిగిలిందో లేదో చూద్దామని నింపే బోల్టుకి స్పానర్ పెట్టాను. సగం చుట్టు తిప్పానో లేదో "బుస్స్" మని గాలి వచ్చింది. దానితోపాటు మరలోంచి ఆయిలు తుంపర కూడా. మొహం పక్కకి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. మీరు మాత్రం వేడి మీద విప్పొద్దు.

ఆక్సిల్ హౌసింగు లోపల ఒత్తిడి ఉండకూడదు. ఉండకూడదనే పైన బ్రీదర్ పెడతారు. చిన్న టోపీలాంటిది, వేలితో కదిపితే ఆడాలి. లోపలి గాలి వేడెక్కితే బయటికి వదులుతుంది, చల్లారితే పీలుస్తుంది. బుస్సుమన్న బండికి ఆ ముక్కు మూసుకుపోయినట్టే లెక్క.

కింద పడుకుని టార్చి వేసి చూశాను. టోపీ జాడ లేదు. ఉండాల్సిన చోట నల్లటి బుడిపె ఉంది. ఎవరో ఎప్పుడో తుప్పు పట్టకుండా కింద అంతా నల్ల కోటింగు కొట్టించారు. ఆ కొట్టినవాడు బ్రీదర్‌ని కూడా వదల్లేదు. దాని మీద ఏళ్ల తరబడి ఎర్రమట్టి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా లేచింది. విప్పి నోటితో ఊదితే గాలి అటు పోలేదు, ఇటు రాలేదు.

దీనికి చిన్న లెక్క ఉంది, మా షెడ్డు కుర్రాడికి చాక్‌పీసుతో నేల మీద వేసి చూపించాను. పొద్దున 30 డిగ్రీల దగ్గరున్న గాలి ఘాటీ దిగేసరికి 80కి చేరిందనుకుందాం. మూసిన డబ్బాలో ఒత్తిడి సుమారు ఆరో వంతు పెరుగుతుంది. ఇనుముకి అది లెక్కలోది కాదు. కానీ సీలు పెదవి పల్చటి రబ్బరు, దాన్ని షాఫ్టుకి ఆనించి పట్టేది సన్నటి స్ప్రింగు. తిరుగుతున్న షాఫ్టు మీద దానికి ఆ మాత్రం తోపు చాలు. పెట్టెలో బలహీనమైన చోటు ఎక్కడుంటే అక్కడ ఆయిలు దారి చూసుకుంటుంది. నేనేసిన కొత్త సీలు మూడు వారాలు ఆగడమే గొప్ప.

సగం కథ ఇది. మిగతా సగం గెడ్డలో ఉంది. వేడిగా ఉన్న ఆక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుంటుంది. బ్రీదర్ పనిచేస్తే పైనుంచి గాలి పీల్చుకుంటుంది. మూసుకుపోతే అదే సీలు పెదవి సందులోంచి గెడ్డ నీళ్లు పీల్చుకుంటుంది. చల్లారాక కింది బోల్టు విప్పి ఆయిలు దింపితే పాలు ఎక్కువైన టీలా వచ్చింది. సీసాలో పోసి రాత్రంతా ఉంచితే అడుగున వేలెడు మందం నీళ్లు తేరాయి. బోల్టు అయస్కాంతం మీద ఇనుప ముద్ద ఉంది గానీ పెచ్చులు లేవు, మెత్తటి పొడే. ఆక్సిల్ లోపలి జంట గేర్లు, క్రౌన్, పినియన్ బతికిపోయాయి.

కడిగాకే వెతకడం

మా దగ్గర అందరూ చేసే పొరపాటు, తడి ఎక్కడ ఎక్కువ కనిపిస్తే అక్కడే లీకు అనుకోవడం. నడిచే బండిలో ఆయిలు వెనక్కీ కిందికీ పోతుంది. గాలి తోస్తుంది, తిరిగే షాఫ్టు చిమ్ముతుంది. పుట్టిన చోటు పైనా ముందూ ఉంటుంది, చుక్క పడేది కిందా వెనకా. పాతికేళ్ల మట్టీ జిడ్డూ ఉన్న బండి కింద ఏది కొత్త తడో, ఏది పాతదో బ్రహ్మకి కూడా తెలియదు.

అందుకే మొదట మట్టాలన్నీ చూసి రాసుకున్నాను. కడగకముందే చూడాలి, ఎక్కడ ఎంత పోయిందో అదే సగం చెబుతుంది. ట్రాన్స్‌ఫర్‌లో 300 మిల్లీలీటర్లు తక్కువ, అంటే మూడో వంతు పైనే. గేర్‌బాక్స్ సరిగ్గా ఉంది. ముందు ఆక్సిల్లో అర లీటరు తక్కువ. ఆ తర్వాత కిరసనాయిలు, బ్రష్షు, గీకుడు రేకు తీసుకుని కుర్రాడూ నేనూ పూట మొత్తం గీకాం. వాటర్ సర్వీసు ఆఖర్న చేయించాం, అదీ సీళ్ల మీదికి, బ్రీదర్ల మీదికి నేరుగా కొట్టనివ్వకుండా.

ఆరాక అనుమానం ఉన్న ప్రతి చోటా ముఖానికి రాసుకునే పౌడరు చల్లాను. నవ్వొచ్చే పనే గానీ, తెల్లటి పొడి మీద ఆయిలు గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. రంగు కలిపి నీలి లైటు వేసి చూసే పద్ధతి కూడా ఉంది. పౌడరు డబ్బా ఖరీదులో అది రాదు. తర్వాత పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఘాటీ సగం దాకా ఎక్కి దిగాను. రాత్రికి టీవీ అట్టపెట్టె విప్పి బండి కింద పరిచి, నాలుగు చక్రాల చోటూ గీసుకున్నాను. పొద్దునకి అట్ట మీద ఏడు మచ్చలు.

ఏ మచ్చ ఏ ద్రవమో తేల్చడం అనుకున్నంత కష్టం కాదు. గేర్ ఆయిలుకి గంధకం వాసన, ఒకసారి ముక్కుకి తగిలితే మర్చిపోరు. ఇంజిన్ ఆయిలు నలుపు, మాడు వాసన. బ్రేక్ ఆయిలుకి మంచి పరీక్ష ఉంది: గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేయండి, అది నీళ్లలో కలిసిపోతుంది. మిగతా ఆయిళ్లు తేలతాయి. డ్రమ్ములో తడి ఉన్నప్పుడు వీల్ సిలిండర్ లీకా, ఆక్సిల్ సీలు లీకా అని కొట్టుకునేవాళ్లకి ఇది చాలు. కూలెంటు తియ్యగా ఉంటుందని కొందరు నాలుకతో చూస్తారు. అది విషం, ఆ పని చెయ్యొద్దు.

గేర్‌బాక్స్ దింపమన్న లీకు

ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పి ఉంచే బెల్ హౌసింగు కింది అంచు నుంచి చుక్క పడుతోంది. ఇంజిన్ ఆయిలే. ఆ చోట చుక్క చూస్తే ఎవరైనా క్రాంక్ వెనక సీలే అంటారు, వాళ్లని తప్పు పట్టను. కానీ గేర్‌బాక్స్ దింపడానికి ముందు పది నిమిషాల పని ఒకటుంది. బెల్ హౌసింగు కింది రేకు విప్పి లోపల చూడటం. వెనక సీలు పోతే లోపలే తడి ఉండాలి, ఫ్లైవీల్‌కి ఇంజిన్ వైపున్న ముఖం మీద జిడ్డు ఉండాలి, క్లచ్ కూడా జారొచ్చు. ఇక్కడ లోపల పొడిగా క్లచ్ దుమ్ము, సాలెగూడు కూడా ఉంది. తడి అంతా బయటి గోడ మీద.

పైకి చూసుకుంటూ పోయాను. పౌడరు మీద గీత ఇంజిన్ పై భాగమైన హెడ్డు వెనక నుంచి దిగింది. జిప్సీలో స్పార్కు ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కేసు హెడ్డు వెనక అంచుకి బిగించి ఉంటుంది, క్యామ్ షాఫ్టే దాన్ని తిప్పుతుంది. అక్కడి రబ్బరు రింగు ఎండి ప్లాస్టిక్‌లా పెళుసుబారింది. టాపెట్ కవర్ ప్యాకింగు వెనక మూల కూడా అంతే. ఈ రెండు చోట్ల నుంచి దిగిన ఆయిలు బెల్ హౌసింగు గోడ పట్టుకుని కిందికి వచ్చి క్రాంక్ సీలు మీద నింద వేసింది.

రింగు మార్చబోయే ముందు వెనక ఆక్సిల్ గుర్తొచ్చింది. ఇంజిన్ కూడా ఊపిరి పీల్చే పెట్టే కదా. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారే గాలిని పీసీవీ వాల్వు మ్యానిఫోల్డులోకి లాగేయాలి. వాల్వు విప్పి చెవి దగ్గర ఊపాను, టకటకమనాలి. అనలేదు, లోపల మసి బిగిసిపోయింది. దాని గొట్టం వంచితే పుటుక్కున విరిగింది. రింగులు అరిగి గాలి ఎక్కువగా దిగుతోందా అన్న అనుమానం ఒకటి మిగిలింది, కంప్రెషన్ గేజి పెట్టి చూశాను. నాలుగు సిలిండర్లూ 12 కేజీల పైనే చూపించాయి. పాత ఇంజినే గానీ గుండె గట్టిదే.

కొత్త వాల్వు, కొత్త గొట్టం, రబ్బరు రింగు, టాపెట్ ప్యాకింగు. డిస్ట్రిబ్యూటర్ విప్పే ముందు రోటర్ ఎటు చూస్తోందో, కేసు ఏ కోణంలో ఉందో పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే టైమింగు పోయి ఇంకో పూట పోతుంది. బిగించాక ఆ కేసులో కాస్త ఇంజిన్ ఆయిలు పోయడం మర్చిపోకూడదు, లేకపోతే గేర్లు ఎండుగా తిరుగుతాయి. టాపెట్ కవర్ నట్లు బలం కొద్దీ బిగిస్తే రేకు వంగి కొత్త ప్యాకింగు కూడా కారుతుంది. ఇదంతా మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. గేర్‌బాక్స్ దాని చోటే ఉంది.

ట్రాన్స్‌ఫర్ బాక్స్: సీలు బాగుంది, ఆయిలు వస్తోంది

నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇది. వెనక ప్రొపెల్లర్ షాఫ్టు తగులుకునే ఫ్లాంజి దగ్గర, పైన ఫ్లోరు రేకు మీద ఆయిలు చక్రంలా చిమ్మి ఉంది. తిరిగేదాని నుంచి వచ్చే లీకు ఎప్పుడూ అలా గుండ్రటి మరక పెడుతుంది, నిలిచి ఉన్నదాని లీకు ధారగా దిగుతుంది. కాబట్టి ఫ్లాంజే అని తేలిపోయింది. సీలు చూస్తే ఎవరో ఈ మధ్యే వేసినట్టు మెత్తగా ఉంది.

ఫ్లాంజి లాగి చూశాను. సీలు పెదవి ఆనే చోట గోరు పెడితే దిగేంత గాడి. మెత్తటి రబ్బరు ఇనుముని కోస్తుందా అని కుర్రాడు నమ్మలేదు. పెదవి కింద ఇరుక్కున్న మట్టి రేణువులు ఎమ్రీ కాయితంలా పనిచేస్తాయి, పాతికేళ్లు తిరిగితే గాడి పడక ఏమవుతుంది? కొత్త సీలు వేసినా పెదవి అదే గాడిలో కూర్చుంటుంది. దీనికి దారులు మూడు. కొత్త ఫ్లాంజి వేయడం, గాడి మీద సన్నటి స్లీవు తొడగడం, లేదా సీలుని రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవి కొత్త చోట ఆనేలా చూడటం. సీలు గుంటలో చోటు ఉండటంతో నేను మూడోది చేశాను.

అయినా మర్నాడు అట్ట మీద మచ్చ! చిన్నదే, కానీ ఉంది. ఈసారి తడి సీలు దగ్గర లేదు, ఫ్లాంజి మధ్యనున్న పెద్ద నట్టు చుట్టూ ఉంది. అప్పుడు వెలిగింది. లోపలి ఆయిలు షాఫ్టు పళ్ల సందుల్లోంచి నడుచుకుంటూ నట్టు కిందనుంచి బయటికి వస్తోంది, సీలుకి దానితో సంబంధమే లేదు. మళ్లీ విప్పి, పళ్లు పెట్రోలుతో తుడిచి ఆరబెట్టి, సిలికాన్ పేస్టు పల్చగా రాసి, నట్టు కింద కూడా చుట్టి బిగించాను. గంటసేపు ఆరనిచ్చాక ఆయిలు పోశాను. ట్రాన్స్‌ఫర్ బ్రీదర్ చూడటం మాత్రం మర్చిపోలేదు. అది బతికే ఉంది, నల్ల రంగువాడి చెయ్యి అక్కడికి అందలేదేమో.

ఇలాంటిదే అనుకుని ఆక్సిల్ పినియన్ సీలుని తేలిగ్గా విప్పేవాళ్లకి ఒక మాట. అక్కడ నట్టు కింద నలిగే గొట్టం ఉంటుంది, బేరింగు బిగువంతా దాని మీదే ఆధారపడుతుంది. విప్పేముందు నట్టుకీ షాఫ్టుకీ ఫ్లాంజికీ కలిపి పంచ్‌తో గుర్తు కొట్టి, మళ్లీ సరిగ్గా ఆ గుర్తు దగ్గరే ఆపాలి. నట్లు బిగించే గన్ను పెట్టి బిగించేస్తే కొన్నాళ్లకి క్రౌన్ ఏడుపు వింటారు.

ముందు ఎడమ గుండు

జిప్సీ ముందు ఆక్సిల్ చివర ఇనుప గుండు, దాని చుట్టూ తిరిగే నకుల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగుతోపాటు తిరిగే ముక్క), మధ్య అర్ధచంద్రాల్లాంటి రెండు ముక్కల వైపర్ సీలు. కారేది ఆ వైపర్ దగ్గరే కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే మారుస్తారు. దాని పని గుండు మీద మట్టిని తుడవడం, లోపలి గ్రీజుని ఆపడం మాత్రమే. పలచటి ఆయిలుని ఆపడం దాని తరం కాదు. నకుల్ లోపల ఉండాల్సింది గ్రీజు. అక్కడినుంచి గంజిలా పలచటిది కారుతోందంటే ఆక్సిల్ గొట్టం చివరన ఉండే లోపలి సీలు దాటి గేర్ ఆయిలు వచ్చి గ్రీజులో కలిసిందన్నమాట. అర లీటరు ఎటు పోయిందో లెక్క తేలింది.

చక్రం, క్యాలిపర్, హబ్బు, స్పిండిలు విప్పి షాఫ్టు లాగాం. లోపలి సీలు పెదవి కింది సగం అరిగి చదునైపోయింది, పై సగం కొత్తదానిలా ఉంది. అంటే షాఫ్టు సీలు మధ్యలో తిరగడం లేదు, కిందికి వాలి తిరుగుతోంది. స్పిండిలు లోపలి బుష్‌లో షాఫ్టు పెట్టి ఊపితే లొడలొడ. నకుల్ తిరిగే కింగ్ పిన్ల బేరింగులు కూడా చుక్కలు పడి తుప్పు పట్టాయి, గెడ్డ నీళ్ల పుణ్యం. ఇక్కడ సీలు ఒక్కటే వేసి పంపితే మళ్లీ మూడు వారాల కథే.

బుష్ దొరకలేదు. లేతు దగ్గర ఉన్న తమ్ముడు గన్‌మెటల్ కడ్డీ నుంచి చేసి, షాఫ్టు తెచ్చి పెట్టి చూసుకుంటూ సైజుకి తెచ్చాడు. బేరింగులు మార్చాక కింగ్ పిన్ కింద సిమ్ములు (సన్నటి రేకు ముక్కలు) వేసి బిగువు చూడాలి. వైపర్ సీలు వేయకముందు, టై రాడ్ తగిలే చిల్లుకి సంతలో వాడే స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే ఒక కేజీకీ 1.8 కేజీలకీ మధ్య నకుల్ కదలాలి. మాకు కేజిన్నర దగ్గర కదిలింది. కొత్త సీలు కొట్టేటప్పుడు ఒక పక్క సుత్తి వేయకుండా, దానికి సరిపడే గొట్టం ముక్క పెట్టి చుట్టూ సమంగా దింపాలి. స్ప్రింగు ఉన్న వైపు ఆయిలు వైపుకి, పెదవికి కాస్త ఆయిలు రాసి. షాఫ్టు పళ్లకి టేపు చుట్టి తోస్తే పెదవి చిరగదు. కుడి పక్క గుండు విప్పలేదు. అక్కడ గ్రీజు చిక్కగానే ఉంది, పెద్దాయన జేబు కూడా చూడాలి కదా.

వెనక ఎడమ పక్క ఈసారి షాఫ్టు, బేరింగు, సీలు అన్నీ చూశాను. చక్రం పట్టుకుని ఊపితే బేరింగు ఆడుతోంది. మొదటిసారి ఆ మాత్రం కూడా ఊపి చూడలేదు నేను. బేరింగుని పట్టి ఉంచే రింగు కోసి, ప్రెస్సు మీద కొత్త బేరింగు, కొత్త రింగు ఎక్కించాం. కొత్త లైనింగులు రెండు పక్కలా వేశాం, ఒక్క పక్కే మార్చితే లాగుడు పోదు.

బ్రీదర్లకి మాత్రం కాస్త ముచ్చటగా చేశాం. ముందూ వెనకా టోపీలు తీసేసి వాటి చోట లేతు తమ్ముడు చేసిన నిపుల్ బిగించి, పెట్రోలు గొట్టం తొడిగి, ముందుది ఇంజిన్ గది పైదాకా, వెనకది బాడీ ఎత్తుకి తీసుకెళ్లి కట్టాం. ఆక్సిల్ పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి గొట్టానికి వదులు ఉంచాలి, ఎక్కడా మడత పడకూడదు, పై చివర కిందికి చూడాలి. ఇక గెడ్డలో దిగినా ముక్కు నీళ్ల పైనే ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బ్రేక్ మాస్టర్ సిలిండర్ కింద పెయింటు ఉబ్బి లేచింది. బ్రేక్ ఆయిలు పెయింటుని తినేస్తుంది, ఆ గుర్తు చూస్తే చాలు. కిట్టు వేద్దామంటే లోపల గోడకి గుంటలు పడ్డాయి, మొత్తం మార్చాం. ప్రాణం ఉండే చోట బేరం వద్దన్నాను, పెద్దాయన కూడా మారు మాట్లాడలేదు. రేడియేటర్ కింది గొట్టం క్లిప్పు వదులు, బిగించాం. స్టీరింగ్ బాక్స్ కింద చెమ్మ ఉంది, వదిలేశాం. మా షెడ్డులో లీకుకి మూడు పేర్లు: చెమ్మ, చుక్క, ధార. చెమ్మని తుడిచి గమనిస్తాం, చుక్కకి రోజు చూసుకుని పని పెడతాం, ధార అయితే బండి కదలనివ్వం. బ్రేకుది మాత్రం చెమ్మయినా ధార కిందే లెక్క.

మొత్తం నాలుగు రోజులు పట్టింది. వెనక సీలు పనికి నేను కూలి తీసుకోలేదు.

రెండు నెలల తర్వాత వానలు జోరుగా ఉన్నప్పుడు పెద్దాయన మళ్లీ దిగాడు. వేడి మీదే వెనక హౌసింగు బోల్టు కొంచెం వదులు చేయమన్నాడు, బుస్సుమనే చప్పుడు పోయిందో లేదో తన చెవితో వినాలట. చల్లారేదాకా ఆగండి బాబూ, గొట్టం చివర వేలు పెట్టి చూద్దాం అన్నాను. చల్లారాక ఆయిలు తీసి చూస్తే తేనె రంగు, మట్టం బోల్టు అంచుకే ఉంది. ట్రాన్స్‌ఫర్ కూడా అంతే. ఇంజిన్లో రెండు నెలలకి పావు లీటరు తక్కువ, అంత పాత ఇంజిన్‌కి నేను గొణగను. రాత్రి పరిచిన అట్ట మీద ఒక్కటే మచ్చ, స్టీరింగ్ బాక్స్ కింద, అర్ధరూపాయి బిళ్లంత.

"చెమ్మ చుక్కయింది మేస్త్రీ" అన్నాడు పెద్దాయన, అట్ట మడిచి సీటు వెనక పెట్టుకుంటూ. స్టీరింగ్ బాక్స్ నుంచి కిందికి వచ్చే సెక్టర్ షాఫ్టు సీలు సైజు పాతదాని మీద చూసి రాసుకోవాలి. కాఫీ పళ్లు కోతకి రాకముందే రమ్మన్నాను.